వీపు మీద అరచందమామలు

కోదాడ నుంచి మిర్యాలగూడ పోయే బస్సులో, ముందు సీట్లో కూర్చున్న ఒక అమ్మాయి వీపు చూసి, నాకు కుట్టు నేర్పిన మనిషి ఇక లేదన్న సంగతి తెలుసుకున్నాను.

ఇలా రాస్తే వింతగా ఉంటుందని తెలుసు. కానీ జరిగింది అదే. హుజూర్‌నగర్ దాటాక ఉక్కపోతకు ఆ అమ్మాయి జడ తీసి ముందుకు వేసుకుంది. అప్పుడు కనిపించింది జాకెట్టు వెనక భాగం. పైనుంచి నడుము దాకా అరచందమామల్లాంటి ముక్కలు, ఇంటి మీద పెంకులు పరిచినట్టు ఒకదాని మీద ఒకటి దిగి వచ్చాయి. పసుపు, ఇటుక రంగు, గళ్లది, పూలది, మళ్లీ పసుపు. అన్ని రంగులున్నా ఏదీ పక్కదాన్ని అణచడం లేదు. మా వైపు ఊళ్లలో అలా కలిపే చెయ్యి ఒక్కటే ఉంది.

"బిడ్డా, ఈ జాకెట్టు ఎవరు కుట్టిన్రు?" అని అడిగాను.

"మా మేనత్త. ఏంది పెద్దమ్మా, మీకు ఎరికేనా?"

"సూర్యాపేటలో ఉన్నప్పుడు మా పక్కిల్లు. మేం ఊరు మారి ఏండ్లయింది. ఎట్లున్నది?"

ఆ అమ్మాయి పూర్తిగా వెనక్కి తిరిగింది. "పోయి మూడు నెలలైంది పెద్దమ్మా. నిద్రలోనే పోయింది. గీ జాకెట్టు నా కోసమే కుట్టింది. మా కాలేజీల అందరు అడుగుతరు, ఏ షాపుల కొన్నవ్ అని." చెబుతూ చెబుతూ తన వీపును తానే తడుముకుంది.

స్వామిని తలుచుకుని, అలాంటి మనిషిని నా గడప పక్కన పెట్టినందుకు దండం పెట్టుకున్నాను.

ఆమె పేరు ఇక్కడ రాయను. బతికుండగా తన ఇంటి ముందు బోర్డు కూడా కట్టుకోలేదు. ఎవరైనా అడిగితే, "బోర్డు ఎందుకు? మిషన్ చప్పుడు వినబడట్లేదా?" అనేది. బోర్డు లేని మనిషికి నేను కాగితం మీద బోర్డు కట్టడం బాగుండదు. బజారులో చాలామంది ఆమెను ముక్కలామె అనేవాళ్లు. నేను అక్కా అనేదాన్ని.

మాకు స్నేహం కలిసింది అక్షరాల వల్ల. నేను బడికి పోలేదు. మా నాన్న ఇంట్లోనే పళ్లెంలో బియ్యం పోసి, వేలు పట్టి దిద్దించాడు. స్తోత్రాలు చదువుకోవడానికి, ఉత్తరం రాయడానికి సరిపోయేంత వచ్చింది. అక్కకు అదీ రాదు. పెళ్లై సూర్యాపేటలో కాపురం పెట్టిన కొత్తలో, ఆమె వీధిగదిలో గోడ నిండా బొగ్గు గీతలు చూశాను. ఇదేంటక్కా అంటే, "కొలతలు" అంది. పూలమ్మే ఆమెకు ఒక పువ్వు గుర్తు, టీచరమ్మకు ఒక కళ్లద్దాల గుర్తు, పక్కన గీతలు. ఆ ఏడు సున్నం వేస్తే అందరి కొలతలూ పోయాయి.

"నువ్వు నా కొలతలు పుస్తకంల రాయి చెల్లే, నేను నీకు మిషన్ నేర్పుతా," అంది. అంతే, ఒప్పందం కుదిరింది.

ఆమె పుట్టింది కోదాడ దగ్గర చిలుకూరు వైపు. మాటలో కోదాడ వాటం ఉండేది. మా బజారు ఆడవాళ్లు, "ఏందే, ఆంధ్రోళ్ల లెక్క వస్తారా, పోతారా అంటవ్?" అని వెక్కిరిస్తే, "మరి మర్యాద ఎవరో ఒకరు చెయ్యాలి గదా ఈ బజార్ల," అని కత్తెర ఆపకుండానే జవాబిచ్చేది. నోట్లో ఎప్పుడూ రెండు గుండుసూదులు ఉండేవి. వాటితోనే నవ్వేది, వాటితోనే తిట్టేది. ఒక్కటి కూడా జారిపడడం నేను చూడలేదు. మనిషి వస్తుంటే ముఖం కాదు, ముందు భుజం చూసేది. "ఆమె ఎడమ భుజం దిగింది, ఈసారి కొలత మార్చాలి," అనేది నాతో చిన్నగా. తర్వాత తెలిసేది, ఆ వచ్చినామె చంటిపిల్లను ఎత్తుకుని తిరుగుతోందని.

ఆమె కట్టే చీరలు అన్నీ ఒకే రంగువి. అంచు ఉండదు, పువ్వు ఉండదు. జాకెట్టు మాత్రం నలుగురు ఆగి చూడాల్సిందే. తన జాకెట్లకు ఆమె ఏనాడూ కొట్టులో గుడ్డ కొనలేదు. ఇతరులకు కుట్టగా మిగిలిన ముక్కలతోనే కుట్టుకునేది. మెడ తీసిన ముక్క అరచందమామలా వస్తుంది, చంక తీసిన ముక్క సన్నగా నెలవంకలా వస్తుంది. ఏ దర్జీ అయినా అవి ఊడ్చేస్తాడు. ఆమె వాటిని ఒక పెద్ద రేకు డబ్బాలో దాచేది, రంగును బట్టి కాదు, ఆకారాన్ని బట్టి.

మంగళవారం ఆమె కత్తెర పట్టేది కాదు. ఆ రోజు ముక్కల స్నానం. అన్నీ నానబెట్టి, ఉతికి, దండెం మీద వరసగా ఆరేసేది. గుప్పెడంత ముక్కలు గాలికి ఊగుతుంటే దారిన పోయేవాళ్లు, "ఏం పార్టీ జెండాలే అవి?" అని అడిగేవాళ్లు. "అన్ని పార్టీలవీ ఉన్నయి, ఎవరొచ్చినా పనికొస్తయి," అనేది. ఉతకకుండా కలిపితే ఒక ముక్క ముడుచుకుని, ఒకటి రంగు వదిలి, పక్కదాన్ని పాడు చేస్తుందని నాకు మొదటి రోజే చెప్పింది. తర్వాత ప్రతి ముక్కనూ రెండు చేతులతో లాగి చూసేది. "నిలువు ఏటో, అడ్డం ఏటో చూసుకోవాలి. నిలువును నిలువుతోనే కలపాలి. లేకపోతే ఏడాదికి ఒంటి మీద మెలితిరుగుద్ది." ముందు పల్చటి తెల్ల గుడ్డ లైనింగ్ కత్తిరించి, దాని మీద ముక్కలు పరిచి, దూరం నుంచి చూసి, మార్చి, మళ్లీ చూసి, అప్పుడు కుట్టేది. ఒక్క జాకెట్టుకు నెల పట్టిన రోజులున్నాయి.

ఆమె బజారుకు వెళ్తుంటే అదొక వేడుక. కూరగాయల దగ్గర ఎవరో ఒకరు ఆపేవాళ్లు.

"ఆగు ఆగు. గీ కుడిచెయ్యి మీదిది నాదే! మా పెద్దోని పుట్టెంట్రుకల నాటి జాకెట్టు గుడ్డ!"

"అవునమ్మా, మీదే. బాగుందా?"

"నా ఒంటి మీద కంటే నీ మీదనే బాగున్నది. సిగ్గనిపిస్తుందే నాకు!"

కూరగాయలమ్మే ముసలాయన అయితే, "నీ జాకెట్టు సూస్తే బజారు మొత్తం తిరిగినట్టే అయితదమ్మా," అనేవాడు.

ఇదంతా జరగడానికి ఆమె పెట్టుకున్న ఒక పద్ధతి ఉంది. కుట్టిన జాకెట్టు ఇచ్చేటప్పుడు, మిగిలిన ముక్కలన్నీ చిన్న మూటగా కట్టి జాకెట్టు పైన పెట్టేది. "ఇవి మీ ముక్కలమ్మా. తీసుకెళ్తారా, నాకిస్తారా?" అని అడిగేది. అందరూ నవ్వేవాళ్లు. కొందరు చెయ్యి ఊపి వెళ్లిపోబోయేవాళ్లు. ఆమె ఊరుకునేది కాదు. గుమ్మం దాకా వెంటపడేది. "చెయ్యి ఊపితే నాకు తెలవదు. నోటితో చెప్పాలి."

"ఉంచుకోవే తల్లీ, ఉంచుకో! గా పేలికలు నాకెందుకు?"

అప్పుడు ఆ మూట డబ్బాలో పడేది. నోటి మాట రానిది ఎంత అందమైనదైనా డబ్బాలోకి పోయేది కాదు. కుట్టుకూలి ఎంతయినా, గుడ్డ మాత్రం తెచ్చినవాళ్లదే అనేది ఆమె లెక్క.

నా మొదటి జాకెట్టు కూడా ఆ డబ్బాలోంచే పుట్టింది. మా ఆయన ధాన్యం దుకాణంలో గుమాస్తా. చీరలకు లోటు లేదు కానీ, చీర చీరకూ జాకెట్టు కొనే తాహతు లేదు. ఆరు వారాలు పట్టింది నాకు. మూడుసార్లు విప్పించింది. అయ్యాక వేసుకుని అద్దంలో చూసుకుంటే నా ఒళ్లు నాకే కొత్తగా కనిపించింది. కానీ కార్తీకంలో వాడపల్లి పోదామనుకున్నప్పుడు మనసు పీకింది. అక్కడ కృష్ణలో మూసీ కలిసే చోట మునిగి, గుడిలో స్వామిని చూడాలి. అతుకుల బట్టతో దేవుడి ముందుకు పోకూడదని మా అమ్మ చెప్పేది.

అక్కతో అంటే గుండుసూదులు నోట్లోంచి తీసింది. అంటే నిజంగా జవాబు చెప్పబోతోందని అర్థం.

"అది చిరిగితే వేసిన అతుకు గాదు చెల్లే. ఈ ముక్కలు ఎవరి ఒంటి మీదన్నా పడ్డయా? పడలే. ఎవరో ఒక సావుకారమ్మ వేసుకున్న జాకెట్టు ఎంత కొత్తదో, దాంట్లోంచి తీసిన ముక్కా అంతే కొత్తది. ఒక్క తానులోంచి ఒక్కరోజే బయటికొచ్చినయి. ఆమెను గుళ్లెకు రానిచ్చే దేవుడు నిన్ను ఆపుతాడా?"

వేసుకునే పోయాను. గట్టు మీద తడి జుట్టు ఆరబోసుకుంటుంటే, ఎవరో తెలియని ఆమె, "జాకెట్టు మస్తుందమ్మా, ఏడ కుట్టించినవ్?" అంది. "నేనే కుట్టుకున్న," అన్నాను. ఆ మాట అనేటప్పుడు నా గొంతు ఎంత పెద్దగా వచ్చిందో ఇప్పటికీ గుర్తుంది. గర్వం మంచిది కాదంటారు. కానీ ఆ రోజు గర్వాన్ని కూడా దేవుడిచ్చిన ప్రసాదంలాగే కళ్లకద్దుకున్నాను.

ఇక ఆ చిలకపచ్చ పట్టు సంగతి చెప్పాలి. చెప్పడానికి ఇష్టం లేదు. అయినా అది లేకుండా అక్క బొమ్మ పూర్తి కాదు.

మిర్యాలగూడలో రైసుమిల్లు ఉన్న ఒక సావుకారమ్మ జాకెట్లు అక్క దగ్గరే కుట్టించుకునేది. ఆమె పుట్టిల్లు సూర్యాపేట. మా ఆయన పనిచేసే దుకాణం ఆమె అన్నగారిదే. ఆమె కూతురి పెళ్లి కుదిరింది. పెళ్లికి తను వేసుకోవడానికి చిలకపచ్చ పట్టు జాకెట్టు ముక్క పంపింది, సన్నటి జరీ బుటాలది. అక్క దాన్ని కుట్టేసి, తన అన్న ఇంట్లో శుభకార్యం ఉందని నాలుగు రోజులు కోదాడ వెళ్లింది. "డ్రైవర్ వస్తాడు, జాకెట్టుతో పాటు మూట ఇచ్చెయ్. అడగడానికి ఆమె రాదు గదా, కాబట్టి ఇచ్చెయ్యడమే," అని నాకు చెప్పి మరీ వెళ్లింది.

డ్రైవర్ వచ్చాడు. "జల్ది ఇయ్యమ్మా, బండి అడ్డం పెట్టిన," అన్నాడు. జాకెట్టు ఇచ్చాను. మూట చెక్కబల్ల మీదే ఉండిపోయింది. మరిచిపోయానని రాయాలని ఉంది. నిజం అది కాదు. మూట విప్పి చూశాను. మెడ తీసిన ముక్కలు రెండు, లేత చిలక రెక్కల్లా ఉన్నాయి. ఎవరైనా 'ఉంచుకో' అనేవాళ్లే కదా అనుకున్నాను. డబ్బాలో వేశాను.

అక్క తిరిగి వచ్చింది. డబ్బా తీసి, ఆ పచ్చ చూసి ఆగింది.

"ఇది మిల్లు సావుకారమ్మది గదా. ఇచ్చిందా?"

"ఆఁ," అన్నాను.

తెల్లారి లేస్తే స్తోత్రాలు చదివే నోరు నాది. ఆ ఒక్క అక్షరం ఎంత తేలిగ్గా వచ్చిందో! అక్క ఇంకో ప్రశ్న వెయ్యలేదు. నా మాట మీద ఆ రెండు ముక్కలూ ఉతికి, తను కుట్టుకుంటున్న జాకెట్టు వీపు మీద, సరిగ్గా మధ్యలో పెట్టుకుంది.

పెళ్లి మిర్యాలగూడలో. పెళ్లికూతురి జాకెట్లు ఆఖరి నిమిషంలో బిగువో వదులో అయితే సరిచేయడానికి అక్కను రమ్మన్నారు. తోడుగా నేను వెళ్లాను. అక్క ఆ కొత్త జాకెట్టే వేసుకుంది. ఫంక్షన్ హాల్లో ఆడపెళ్లివాళ్ల గది, ఇరవైమంది ఆడవాళ్లు, పూల వాసన, అరుపులు. అక్క కింద కూర్చుని పెళ్లికూతురి చెల్లెలి జాకెట్టుకు హుక్కులు కుడుతోంది. సావుకారమ్మ లోపలికి వచ్చి, అక్క వెనక ఆగిపోయింది.

"ఏమే, నీ వీపు మీద గది నా పట్టు గాదా?"

గది గదంతా తిరిగి చూసింది.

"నాదే! నా జాకెట్టు ముక్కల కోసుకున్నవ్. నేననుకుంటనే ఉన్న, చేతులు పొట్టిగ ఎందుకొచ్చినయా అని. అరగజం కొట్టేసి వీపు మీద ఏసుకొని, నా బిడ్డ పెండ్లికే వస్తవా?"

సూది ఆగింది. అక్క తల తిప్పి నా వైపు చూసింది. ఒక్కసారే చూసింది. అందులో కోపం లేదు. కొలత తీసుకునేటప్పుడు భుజం చూసినట్టు చూసింది, అంతే. మా ఆయన కొలువు, అన్నగారి దుకాణం, ఇంటి కిరాయి, అన్నీ ఒక్కసారే కళ్ల ముందు తిరిగాయి. నోరు తెరవబోయాను. అక్క చెయ్యి నా మోకాలి మీద పడి గట్టిగా నొక్కింది.

ఆ గదిలో ఉన్నవాళ్లంతా పదేళ్లుగా ఆమె దగ్గర కుట్టించుకుంటున్న సూర్యాపేటవాళ్లు, లేదంటే రేపు కుట్టించుకోబోయేవాళ్లు. దొంగ అన్న మాట ఆ గది దాటితే మిషన్ మూసుకోవాల్సిందే. అది ఆమెకూ తెలుసు. లేచి నిలబడింది.

"అమ్మా, రెండు మాటలు చెప్తా. కొట్టేసుడు అబద్ధం. అడగకపోవుడు నిజం."

"ఏం మాటలే గవి?"

"చేతులు పొట్టిగా వచ్చింది ముక్క తక్కువై కాదు. మీరు ఇచ్చిన కొలతే అది, పుస్తకంల రాసుంది. నా వీపు మీదున్నది మెడ తీసిన ముక్క. చూడండి, వంపు చూడండి. మెడ లోతుగా పెట్టమన్నది మీరే గదమ్మా. అంత లోతు తీస్తే, తీసిన గుడ్డ ఎక్కడికో ఒక దగ్గరికి పోవాలి గదా? ఇదే అది. దీన్ని ఏ దర్జీ అయినా చెయ్యికి అతకలేడు."

కిటికీ దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. సావుకారమ్మ కొంగు వీపు మీదికి లాక్కుంది. అక్క నవ్వలేదు.

"కానీ మిమ్మల్ని అడగకుండా నా మీద వేసుకున్నా. అది తప్పే. నా దుకాణంల జరిగింది ఏదైనా నా తప్పే. మీ గుడ్డ మీకిస్తా."

పక్కనున్న స్నానాల గదిలోకి వెళ్లింది. నేను వెంట వెళ్లాను. కొంగు చుట్టుకుని, జాకెట్టు విప్పి, బ్లేడుతో ఒక్కొక్క కుట్టూ కోసింది. కంగారు లేదు. పక్క ముక్కకు చిన్న గాటు కూడా పడలేదు. నేను ఏడుస్తుంటే, "నీళ్లు పడితే పట్టు మరక పడుద్ది, దూరం జరుగు," అంది. ఆ రెండు ముక్కలనూ గోటితో సాపు చేసి, దారపు పోగులన్నీ ఏరి, జాకెట్టు మళ్లీ వేసుకుని బయటికి వచ్చింది. సావుకారమ్మ అరచేతిలో పెట్టింది.

అక్క వీపు మధ్యలో ఇప్పుడు రెండు తెల్లటి అరచందమామలు. లైనింగ్ బయటపడింది.

"అక్కా, కొంగు కప్పుకో," అన్నాను చెవిలో.

"ఎందుకు? చిరిగిందా? శుభ్రమైన గుడ్డే గదా."

కప్పుకోలేదు. కూర్చుని మిగతా హుక్కులు కుట్టింది. పెళ్లికూతురి జాకెట్టు చంకలో బిగువు తీసింది. తలంబ్రాలప్పుడు అందరితో పాటు నిలబడి అక్షింతలు వేసింది. భోజనాల్లో మొదటి బంతిలో కూర్చుంది. పక్కనున్న ఆమె జాలిగా ఏదో అనబోతే, "పప్పు బాగుంది, వేయించుకోండి," అంది. ఆ రెండు తెల్ల ముక్కలను హాలంతా చూసింది. చూడనిచ్చింది. నేను ఆమె వెనకే నడిచాను. సిగ్గుతో చచ్చిపోవాల్సిన నాకు, ఆ వీపు చూస్తుంటే ఎందుకో ఛాతీ ఉప్పొంగింది.

తిరుగు బస్సులో చెప్పేశాను. "అక్కా, ఆమె ఇయ్యలేదు. నేను అబద్ధం చెప్పిన."

"తెలుసు. ఆమె నోరు తెరిచినప్పుడే తెలిసింది."

"మరి నన్నెందుకు చెప్పనియ్యలే?"

"చెప్తే మీ ఆయన కొలువు పోతది. నాది మిషన్, దాన్ని ఎవరు తీసేస్తారు?" టికెట్లు మడిచి కొంగున ముడేసింది. "కానీ చెల్లే, డబ్బా పాడైంది. ఇగ దాంట్ల ఏది ఇచ్చిందో, ఏది ఇయ్యనిదో నాకెట్ల తెలుస్తది?"

తిట్టి ఉంటే తేలికయ్యేది. నేను వేసింది ఆ రెండు ముక్కలేనని ప్రమాణం చేయబోయాను. "ప్రమాణాలు వద్దు, పని చేద్దాం," అంది.

మరునాడు డబ్బా నెత్తిన పెట్టుకుని ఇద్దరం బయల్దేరాం. ఇల్లిల్లూ తిరిగాం. ఏ ముక్క ఎవరిదో ఆమెకు గుర్తే. తీసి చూపించేది. మాట్లాడాల్సింది నేను. "నా వల్ల తప్పు జరిగింది పిన్నీ. అక్క డబ్బాల అడగనిది ఒకటి నేను వేసిన. అందుకని అన్నీ మళ్లీ అడుగుతున్నం. ఇది మీరు ఇచ్చినట్టేనా?"

మొదటి ఇంట్లో అదే మాట రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. నాలుగో ఇంటికి అలవాటైంది. కొందరు నవ్వారు. టీచరమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "ఇచ్చిన, ఇచ్చిన, వందసార్లు ఇచ్చిన," అంది. ఒకామె కసిరింది. "మూడేళ్ల కింద ఇచ్చిన పేలిక కోసం గడప తొక్కుతరా? మీకేం పని లేదా?" ఒక ముసలమ్మ మాత్రం ముక్కలు అటూ ఇటూ తిప్పి చూసి, "గప్పుడు ఇచ్చిన గానీ, ఇప్పుడు గావాలె. మా మనవరాలు బొమ్మకు గౌను గావాల్నని ఏడుస్తుంది," అంది.

అక్క ముఖం ఎంత వెలిగిందో! "తీసుకోండమ్మా, మీదే గదా," అని ఆ ముసలమ్మకు రెండు చేతులతో అందించింది. గుమ్మం దిగాక నాతో అంది, "చూసినవా? నేను ఇన్నేళ్లు అడిగింది ఉత్తగ కాదు. ఉంచుకోవద్దనేవాళ్లు కూడా ఉంటారు."

ఆ రోజు మూడు బజార్లు తిరిగాం. ఇంటికి వచ్చాక మా ఆయనకు కూడా చెప్పేశాను. ఆయన, "కొలువు సంగతి నేను చూసుకుంట. రేపు మీ అక్క మొకం ఎట్ల చూస్తవ్, అది ఆలోచించు," అన్నాడు. తెల్లారి వెళ్లి చూశాను. అక్క కుర్చీ జరిపి పుస్తకం నా ముందు పెట్టింది. "రాయి. ఛాతి ముప్పై నాలుగు," అంది.

పెళ్లి జరిగిన నెలకే మిర్యాలగూడ నుంచి ఆడవాళ్లు రావడం మొదలైంది. మొదట ఇద్దరు, తర్వాత కారేసుకుని నలుగురు. "పెండ్లిల వీపు మీది గుడ్డ కోసి ఇచ్చిన ఆమె ఇల్లు ఇదేనా?" అని అడుగుతూ వచ్చేవాళ్లు. కుట్టు ఎలా ఉంటుందో అడిగినవాళ్లు తక్కువ. వీధిగది చాలక బయట అరుగు మీద ఒక బెంచీ వేశాం. అక్క ఒక్క నియమం పెట్టింది. ఎవరు ముందొస్తే వాళ్లే ముందు.

ఆ దసరాకు ముందు ఒక మధ్యాహ్నం అక్క ఇంటి ముందు తెల్ల కారు ఆగింది. మిల్లు సావుకారమ్మ దిగింది. డ్రైవర్‌ను పంపలేదు, తనే వచ్చింది. చేతిలో కొత్త పట్టు ముక్క. అక్క లోపల ఎవరికో కొలతలు తీస్తోంది. నేను బెంచీ దగ్గర ఉన్నాను. ఇంకోసారి నోరు మూసుకుంటే నా పూజకు అర్థం లేదనిపించింది.

"అమ్మా, ఆనాడు మీ పట్టు డబ్బాల వేసింది నేను. అక్కకు అబద్ధం చెప్పింది నేనే," అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "నాకు గప్పుడే ఎరికె. ఆమె నీ దిక్కు సూసిన సూపు నేను సూడలేదనుకున్నవా?"

"మరి అప్పుడే..."

"మాట నోట్లకెల్లి ఎల్లినంక ఎనక్కి ఎట్ల గుంజాలె?" అని ముఖం తిప్పుకుంది. "మిర్యాలగూడల ఇద్దరి దగ్గర కుట్టించిన. ఒక్కటి ఒంటికి నిలుస్తలేదు."

అంతలో లోపలినుంచి అక్క కేక వినిపించింది. "తర్వాత ఎవరు?"

సావుకారమ్మ పట్టు ముక్క సర్దుకుని ముందుకు అడుగు వేసింది. అక్క గుమ్మంలోకి వచ్చి, ఆమెను చూసి, నోట్లో గుండుసూదులతోనే నమస్కారం పెట్టింది.

"రండమ్మా, బాగున్నారా? బిడ్డ అత్తగారింట్ల బాగుందా? కూర్చోండి. మీ కంటే ముందు ముగ్గురున్నారు."

కారు హారన్ కొట్టింది. సావుకారమ్మ వెనక్కి తిరిగి, "జర ఆగురా!" అని డ్రైవర్‌ను గదమాయించింది. బెంచీ మీద పూలమ్మే ఆమె తన గంప తీసి ఒళ్లో పెట్టుకుని పక్కకు జరిగింది. ఆ ఖాళీలో సావుకారమ్మ పట్టు చీర కుచ్చిళ్లు సర్దుకుని కూర్చుంది.